స్థానం వారంటే చీర ఒక్కటేనా?

సంపాదకుడు గారికి,

ఫిబ్రవరి 21న స్థానం నరసింహారావు గారి వర్ధంతి అని మీ పత్రిక లోపలి పేజీలో నాలుగు వాక్యాల వార్త వేశారు. 'ఆడవేషాలతో అలరించిన నటుడు' అని శీర్షిక. పైగా పద్మశ్రీ 1965లో వచ్చిందని అచ్చయింది. వచ్చింది 1956లో. వారం రోజులు ఊరుకుందామనే చూశాను. నా వల్ల కాలేదు.

ఆయన 1902లో బాపట్లలో పుట్టారు. హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషగాడు సమయానికి రాకపోతే నేను వేస్తానని ముందుకొచ్చిన కుర్రవాడు. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి ఆంధ్రదేశం మొత్తం చుట్టారు. కృష్ణుడి మీద పెత్తనం చేసే సత్యభామ, చింతామణి, మొగలు రాకుమారి రోషనార, గిరీశాన్ని ఆటాడించే మధురవాణి, అందరూ ఆడవాళ్ళే గానీ ఒకరి పోలిక ఇంకొకరికి ఉందా? ఇన్ని పాత్రలు వేసిన మనిషిని 'ఆడవేషాలు' అనే ఒక్క మాటతో సరిపెట్టేశారు.

మా నాన్నగారు హార్మోనిస్టు. స్థానం వారు సత్యభామగా వేసిన శ్రీకృష్ణ తులాభారం నాటకం రెండుసార్లు చూశారు. చీర గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. అందులో సత్యభామ పాడే 'మీరజాలగలడా' పాట గురించే చెప్పేవారు. ఆ పాట స్థానం వారు స్వయంగా రాసుకున్నదే. ఒకే పల్లవిని పాడినప్పుడల్లా ఒక కొత్త భావంతో, ఒకసారి గర్వంగా, ఒకసారి గోముగా, ఇంకోసారి లోపల అనుమానం పెట్టుకుని పట్టేవారట. నాన్నగారు మా ముందుగదిలో హార్మోనియం మీద అదే పల్లవి వాయించి, ముఖం అలా ఇలా తిప్పి చూపించబోయి, "నావల్ల కాదురా, అది చూడాల్సిందే" అని పెట్టె మూసేసేవారు. సంగీతం రావాలి, పద్యం విరుపు తెలియాలి, ఆ పైన అభినయం. అన్నీ ఒక్క గొంతులో, ఒక్క ఒంట్లో కుదరాలంటే ఎన్నేళ్ళ సాధన కావాలో మీ విలేకరికి ఎవరైనా చెప్పాలి.

ఆడ పాత్రలు ఆడవాళ్ళే వెయ్యాలని మహానటుడు బళ్ళారి రాఘవ గారు గట్టిగా వాదించారు. ఆ మాట న్యాయమైనదే, ఈనాడు కాదనేవాళ్ళు ఎవరూ లేరు. అలాగని స్థానం వారి విద్య తక్కువైపోతుందా? కృష్ణుడి వేషానికీ, ఈలపాటకీ పేరుపడ్డ కల్యాణం రఘురామయ్య గారికీ ఇదే గతి పట్టించాం. ఆ కృష్ణుడి పద్యం పోయి మనకు ఈల ఒక్కటి మిగిలింది.

ఇక ఇప్పటి సంగతి. పోయిన ఏడాది మా జిల్లాలో ఒక ప్రభుత్వ హాల్లో పద్యనాటకం పెట్టారు. ఆరింటికి అని కరపత్రం. ముఖ్య అతిథి వచ్చేసరికి ఎనిమిది దాటింది. శాలువాలు, జ్ఞాపికలు, ఉపన్యాసాలు తొమ్మిదిన్నర దాకా. నేను వింగు పక్కన నిలబడి చూస్తున్నాను. కృష్ణుడి వేషం వేసిన పెద్దాయనకు డెబ్బై దగ్గర పడ్డాయి. నాలుగింటి నుంచి మేకప్‌లో ఉన్నారు. కిరీటం బరువుకి తల నొప్పెడుతుంటే తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. చెమటకి నీలం రంగు మెడ దగ్గర చారలు కట్టింది. గొంతు ఆరిపోతుందని గుక్కెడు గుక్కెడు వేడినీళ్ళు తాగుతూ, "బాబూ, ఇంకా ఎంతసేపు?" అని అడుగుతున్నారు. అందరికీ టెన్షనే. తీరా తెర లేచాక హాలు మనిషి వచ్చి పదిన్నరకి కరెంటు తీసేస్తామన్నాడు. రాయబారం సీను సగంలో ఆపేశారు. అతిథులు మొదటి పద్యానికే లేచి వెళ్ళిపోయారు. ఆ పెద్దాయన ఎవరినీ ఏమీ అనలేదు, గుడ్డతో రంగు తుడుచుకుని ఆఖరి బస్సుకి వెళ్ళిపోయారు.

ఇలాంటివాళ్ళు కళాకారుల పింఛనుకు పెట్టుకుంటే ఏళ్ళ నాటి ఫోటోలు, కరపత్రాలు రుజువుగా తెమ్మంటారు. ఊరూరా తిరిగి వేషాలు కట్టిన మనిషి కరపత్రాలు దాచుకుంటాడా?

చింతామణి సంగతి కూడా చెప్పాలి. స్థానం వారికి పేరు తెచ్చిన ఆ నాటకాన్ని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అందులోని సుబ్బిశెట్టి అనే వైశ్యుడి పాత్రను అడ్డం పెట్టుకుని తమను హేళన చేస్తున్నారని ఆర్యవైశ్యులు బాధపడ్డారు. ఆ బాధ నిజం. నేనూ కొన్ని ప్రదర్శనలు చూసి సిగ్గుపడి బయటికి వచ్చేశాను. కానీ కాళ్ళకూరి నారాయణరావు గారు ఆ నాటకం రాసింది వేశ్యావ్యసనం ఇళ్ళను కూలుస్తుందని చెప్పడానికి. బూతు హాస్యం తరవాతివాళ్ళు, టిక్కెట్ల కోసం, అతికించింది. అతికించిన ముక్కను కత్తిరించమనే అధికారి ఒక్కడు దొరకలేదా? మూల ప్రతి చేతిలో పట్టుకుని ఎవరైనా చదివారా?

ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం గారి జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవం అంటున్నాం. ఆ రోజైనా ఉపన్యాసాలు మానేసి ఒక పద్యనాటకం మొదటి నుంచి చివరి దాకా, చెప్పిన సమయానికి మొదలుపెట్టి ఆడనివ్వండి. ఏదైనా ఒక్క ప్రభుత్వ సంగీత కళాశాలలో నాటక పద్యం నేర్పే మాస్టారిని పెట్టండి. పాడాలని ఉన్న పిల్లలు ఉన్నారు. పద్యాన్ని ఎక్కడ విరవాలో, రాగం ఎంతవరకు తియ్యాలో పక్కన కూర్చుని చెప్పే మనిషి లేక ఫోనులో విని నేర్చుకుంటున్నారు.

పద్మశ్రీ సంవత్సరం సవరణ వెయ్యండి, ఏ మూలనైనా ఫరవాలేదు. ఇంకొకటి. మా నాన్నగారి నోటుపుస్తకం నా దగ్గరుంది. ఏ పద్యం ఏ రాగంలో, ఏ శ్రుతిలో, హార్మోనియం ఎక్కడ ఆగాలో పెన్సిలుతో రాసి పెట్టుకున్నారు. నేర్చుకునే పిల్లలు మీ కార్యాలయానికి ఒక కార్డు రాస్తే జిరాక్సు తీయించి నా ఖర్చుతో పంపిస్తాను. ఉత్తరంలో ఏది కత్తిరించినా ఈ ముక్క మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక హార్మోనిస్టు కొడుకు,
గుంటూరు జిల్లా