కేబుల్ తీయించే ముందు ఒక నోట్‌బుక్ కొనండి

సంపాదకులకు నమస్కారం.

మాది హిందూపురం. బెంగళూరు రామమూర్తినగర్‌లో ఇరవై ఆరేళ్ళుగా ఉంటున్నాం. ఈమధ్య ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా ఒకటే మాట వినిపిస్తోంది, "కేబుల్ తీసేశాం, నెలనెలా డబ్బులు మిగులుతున్నాయి" అని. మేమూ తీసేసి రెండేళ్ళయింది. మొదటి ఏడాది మాకు పైసా మిగల్లేదు, పైగా చేతి డబ్బులు పడ్డాయి. రెండో ఏడాది మాత్రం బాగానే మిగిలింది. ఎందుకలా అయిందో నా ఇంటి లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని రాస్తున్నాను. తీద్దామా వద్దా అని ఊగుతున్న వాళ్ళకి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళున్న మన తెలుగు కుటుంబాలకి పనికొస్తుందని నా ఆశ.

మా ఇంట్లో రెండు టీవీలు. ఒకటి హాల్లో, ఇంకొకటి లోపలి గదిలో మా అత్తగారికి. ఆవిడకి 84 ఏళ్ళు. హాల్లో టీవీకి నెలకి 430, అత్తగారి టీవీకి 300, అంటే ఏడాదికి 8,760 రూపాయలు. కేబుల్ అబ్బాయి ఐదో తారీకు లోపల వచ్చి తీసుకెళ్ళేవాడు. రసీదు అడిగితే "ఫోన్‌కి మెసేజ్ వస్తుందక్కా" అనేవాడు. ఎప్పుడూ రాలేదు. ఒక నెల పట్టుబట్టి కూర్చుంటే చిన్న చీటీ మీద రాసిచ్చాడు. నెట్‌వర్క్ రుసుము 130, ఛానళ్ళ ప్యాకులు 234, ఆపైన 18 శాతం జీఎస్టీ.

ఆ చీటీ చూశాకే నాకు విషయం అర్థమైంది. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన పద్ధతి ప్రకారం మనకి కావలసిన ఛానల్ ఒక్కటే విడిగా కొనుక్కోవచ్చు. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇచ్చిన ప్యాకు తీసుకున్నాం, అడిగినంత కట్టాం. 130 దాటకూడదన్న పరిమితిని కూడా 2024 జులైలో ఎత్తేశారు. ఇప్పుడు నెట్‌వర్క్ రుసుము ఎంతన్నది ఆపరేటర్ల ఇష్టం, కాకపోతే ఆ రేటు బయటికి ప్రకటించాలి. కాబట్టి కేబుల్ ఉంచుకునే వాళ్ళైనా సరే, ఒక్కసారి ఆ లెక్క కాగితం మీద రాయించుకోండి. అందులో సగం ఛానళ్ళు తీసేయించినా బిల్లు తగ్గుతుంది.

మాకు ఈ ఆలోచన పుట్టించింది మా అమ్మాయి. తను అమెరికాలో, డల్లాస్ దగ్గర ఉంటుంది. అక్కడ కిటికీ అద్దానికి పల్చటి అట్టలాంటి యాంటెన్నా అతికించి కేబుల్ మాన్పించేసింది. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ లాంటి పెద్ద ఛానళ్ళ స్థానిక స్టేషన్లన్నీ అక్కడ గాలిలో ఉచితంగా వస్తాయట, అదీ హెచ్‌డీలో. వీడియో కాల్‌లో చూపిస్తే మావారికి ఉత్సాహం వచ్చింది. ఆయన ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) ఫ్యాక్టరీలో టెలిఫోన్లు చేసిన మనిషి, వైర్లంటే భయం లేదు. ఇద్దరం ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకి వెళ్ళి అలాంటి యాంటెన్నా కావాలని అడిగాం. మూడో షాపాయన మంచివాడు. "అమ్మమంటే అమ్ముతాను సార్, కానీ మీకు ఏమీ రాదు" అన్నాడు. మిద్దె మీద అల్యూమినియం యాంటెన్నాలకి దూరదర్శన్ అందించిన ట్రాన్స్‌మిటర్లని 2022 నాటికి దేశంలో దాదాపుగా అన్నీ ఆపేశారు. హిందూపురంలో మా నాన్న మిద్దెక్కి యాంటెన్నా తిప్పుతుంటే కింద నుంచి "వచ్చింది, వచ్చింది" అని అరిచిన రోజులు గుర్తొచ్చి కాస్త దిగులనిపించింది. అమెరికా పిల్లలు చెప్పారని ఆన్‌లైన్‌లో ఆ యాంటెన్నా కొనే వాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

మన దగ్గర దానికి బదులున్నది డీడీ ఫ్రీ డిష్, ఉపగ్రహం నుంచి డిష్‌తో ఛానళ్ళు అందుకునే పద్ధతి. దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి వాళ్ళది. 2004 డిసెంబరులో మొదలైంది. నెలవారీ చందా అంటూ ఏమీ లేదు. డిష్, బాక్స్, వైరు, బిగింపు అంతా కలిపి మాకు 1,900 అయింది. బాక్స్ కొనేటప్పుడు ఎంపెగ్-4 అని అడిగి తీసుకోండి, పాత రకం బాక్సులో కొన్ని ఛానళ్ళు రావు. పక్కింటి కొబ్బరి చెట్టు అడ్డొస్తుందని భయపడ్డాం గానీ, బెంగళూరు నుంచి ఆ ఉపగ్రహం ఆగ్నేయ దిక్కున బాగా ఎత్తులో ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాలేదు. బిగించే అబ్బాయి ఒకసారి పెట్టి వెళ్ళాడు, మొదటి గాలివానకే అది కదిలిపోయింది. ఇక మావారే స్పానర్ పట్టుకుని మేడెక్కారు. నేను హాల్లో టీవీ ముందు, ఫోన్ స్పీకర్‌లో. తెర మీద రెండు గీతలుంటాయి. ఒకటి సిగ్నల్ బలం, ఒకటి క్వాలిటీ. బలం గీత ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, దాన్ని నమ్మకూడదు. క్వాలిటీ గీత సున్నా మీదే కూర్చుని ఉండేది. ఆయన డిష్ అంచు వేలెడంత కూడా కాదు, గోరంత జరిపితే ఒక్కసారిగా 60కి లేచింది. "ఆపండి, ఆపండి!" అని అరిచాను. బోల్టు బిగిస్తుంటే మళ్ళీ 20కి పడింది. అలా నాలుగుసార్లు. చివరికి ఒక చేత్తో డిష్ పట్టుకుని ఇంకో చేత్తో బోల్టు బిగించి దిగారు. ఆ తర్వాత ఇప్పటిదాకా కదల్లేదు. పెద్ద వాన పడితే బొమ్మ కాసేపు ఆగిపోతుంది, వాన తగ్గాక వచ్చేస్తుంది.

ఇక మొదటి ఏడాది డబ్బులు ఎందుకు మిగల్లేదో చెప్తాను. డిష్‌కి 1,900. అత్తగారి పాత టీవీకి నెట్ వచ్చేలా స్టిక్ 2,600. కరెంటు పోతే రూటర్ ఆరిపోకుండా చిన్న యూపీఎస్ 1,350. అన్నిటికంటే పెద్దది యాప్‌ల ఖర్చు, 3,700. మొత్తం 9,550. కేబుల్ కంటే 790 ఎక్కువ!

యాప్‌లకి అంత ఎందుకైందంటే, కేబుల్‌లో ఒకే రిమోట్‌తో వచ్చే మన తెలుగు ఛానళ్ళు నెట్‌లో తలా ఒక గూట్లో ఉన్నాయి. స్టార్ మా ఒక యాప్‌లో, జీ తెలుగు ఇంకో యాప్‌లో, జెమిని మరో దాంట్లో, ఈటీవీ వాళ్ళది వేరే. కేబుల్‌లో ఉన్నవన్నీ ఉండాలని నాలుగూ కట్టేశాం. అందులో ఒకటి మేం చూడటం మానేసి ఐదు నెలలైనా బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే కోసుకుంటూ పోయింది. కోయడానికి 24 గంటల ముందు మెసేజ్ పంపాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, మెసేజ్‌లు వచ్చాయి కూడా. నేనే చూడలేదు. ఇప్పుడు ఏ యాప్‌కి డబ్బు కట్టినా ఆ నిమిషమే ఆటోపే ఆపేస్తున్నాను. గడువు అయ్యేదాకా చూడొచ్చు, ఆ తర్వాత కావాలనుకుంటే మళ్ళీ కట్టుకోవచ్చు.

ఇందులో ఇంటర్నెట్ ఖర్చు వేయలేదు. మా అబ్బాయి ఇంట్లోంచే పని చేస్తాడు కాబట్టి అది ఎలాగూ ఉంది. నెలకి 399, పన్నుతో 471. ఇంట్లో ఇంతవరకు నెట్ లేనివాళ్ళకి ఇది ఏడాదికి 5,652 కొత్త ఖర్చు. ఒకే టీవీకి నెలకి 300 కడుతున్నవాళ్ళు పొదుపు కోసమని కేబుల్ తీసి నెట్ పెట్టించుకుంటే నష్టపోతారు. ఫోన్ డేటాతో టీవీ నడిపిద్దామనుకుంటే హెచ్‌డీ బొమ్మకి గంటకి ఒకటిన్నర నుంచి మూడు జీబీ దాకా అవుతుంది. రోజుకి రెండు జీబీ ప్యాకు ఒక సినిమాకే చాలదు. మా వీధిలో ఇద్దరికి ఈ మాట చెప్పి కేబుల్ ఉంచుకోమన్నాను.

రెండో ఏడాది మొదట్లో నేను చేసిన పని ఒక్కటే. పది రూపాయల నోట్‌బుక్ కొని, పెన్ను దారంతో కట్టి టీవీ పక్కన వేలాడదీశాను. ఎవరు ఏం చూసినా రాయాలి. పద్నాలుగు రోజులు రాశాం. కేబుల్‌లో రెండు వందలకి పైగా ఛానళ్ళకి డబ్బు కట్టిన ఇల్లు చూసింది తొమ్మిది. అందులో తెలుగు వార్తా ఛానళ్ళు మూడు, అవి యూట్యూబ్‌లో లైవ్‌గా ఉచితంగా వస్తాయి. ఎస్వీబీసీ కూడా అలాగే వస్తుంది. అత్తగారి సీరియళ్ళు రెండూ ఒకే ఛానల్‌వి. ఆ నాలుగు యాప్‌లలో మా అబ్బాయి సినిమాల కోసం గట్టిగా పోట్లాడి పెట్టించుకున్నది ఆ రెండు వారాల్లో ఒక్కసారి కూడా తెరవలేదు. మూడు యాప్‌లు తీసేశాను. ఒక్కటి ఉంచాను, ఏడాదికి 1,100. అంటే 7,660 మిగిలింది. అందులోంచే అత్తగారికి కొత్త కళ్ళజోడు చేయించాం.

డబ్బు సంగతి అది. కానీ నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అత్తగారే.

ఆవిడ రోజూ మధ్యాహ్నం పన్నెండు కాకముందే స్నానం, మడి అన్నీ ముగించుకుని కుర్చీ టీవీ ముందుకి లాక్కుని కూర్చుంటారు. తిరుమల కల్యాణోత్సవం చూస్తారు. కేబుల్ ఉన్నప్పుడు రిమోట్‌లో మూడు అంకెలు నొక్కితే స్వామి కనిపించేవాడు. నెట్ పెట్టాక ఒక రోజు బొమ్మ ఆగి, తెర మధ్యలో గుండ్రం తిరగడం మొదలైంది. తాను ఏదో తప్పు నొక్కానని ఆవిడ అనుకున్నారు. ఆ రోజు, మరుసటి రోజు టీవీ పెట్టలేదు. పన్నెండింటికి అలవాటుగా కుర్చీ లాక్కుని, ఆరిపోయిన టీవీ ముందు చేతులు జోడించి కూర్చున్నారు. మూడో రోజు నేను చూసి అడిగితే, "సున్నా తిరుగుతా ఉందమ్మా. చెడిపోయిందేమో, బాగుచేయించాలంటే మళ్ళీ దుడ్లు అవుతాయని చెప్పలేదు" అన్నారు. నా గుండె చివుక్కుమంది. నేను పొదుపు పుస్తకం రాసుకుంటూ కూర్చున్నాను, ఆవిడ తన దేవుణ్ణి వదులుకున్నారు.

ఆ రోజే రిమోట్‌లో ఆవిడకి కావలసిన మూడు బటన్ల మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టాను. సున్నా తిరిగితే ఏం చేయాలో పెద్ద అక్షరాల్లో అట్ట మీద రాసి గోడకి అంటించాను. మావారు రూటర్‌ని ఆవిడ గది గుమ్మం దగ్గరికి మార్చారు. ఫ్రీ డిష్ బాక్స్‌ని హాల్లోంచి తీసి ఆవిడ టీవీకే పెట్టాం, ఎందుకంటే అది పాత పద్ధతి, బటన్ నొక్కితే బొమ్మ వస్తుంది. నెట్ లేని రోజు దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి చూస్తారు. మావారికి కూడా అదే మేలైంది. జాతీయ ప్రాధాన్యం ఉన్న క్రికెట్ మ్యాచ్‌లని దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007 చట్టం ఉంది. 2017లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ ప్రసారం దూరదర్శన్ సొంత వేదికలకే పరిమితం. కాబట్టి అలాంటి మ్యాచ్ ఉన్న రోజు ఆయన తల్లి గదిలోనే కూర్చుంటారు. నెట్‌లో చూస్తే పక్కింటి వాళ్ళు కేక వేశాక అర నిమిషానికి గానీ మనకి వికెట్ పడదు.

ఇప్పుడు నా విన్నపం. ఫ్రీ డిష్ బాక్సులో హిందీ వినోద ఛానళ్ళు వరసగా వస్తాయి. మన తెలుగు వినోద ఛానళ్ళలో పెద్దవి అక్కడ లేవు. ఫ్రీ డిష్‌లో చోటు కావాలంటే ప్రైవేటు ఛానళ్ళు వేలంలో కొనుక్కోవాలి. పైగా అక్కడ ఉచితంగా ఇచ్చిన ఛానల్‌ని కేబుల్, డీటీహెచ్‌లలోనూ ఉచితంగానే ఇవ్వాలని 2024 జులైలో ట్రాయ్ నిబంధన పెట్టింది. కేబుల్ చందాల మీద బతికే ఛానల్ ఎందుకు వస్తుంది, నిజమే. కానీ హిందీ వాళ్ళు ముఖ్యమైన ఛానళ్ళని చందాకి ఉంచుకుని, పాత సీరియళ్ళు, సినిమాలతో వేరే ఛానల్ పెట్టి ఫ్రీ డిష్‌కి ఇస్తున్నారు. మన ఛానళ్ళ వాళ్ళు అలాంటిది ఒక్కటి పెట్టలేరా? మా అత్తగారికి నిన్నటి ఎపిసోడే అక్కర్లేదు, పదేళ్ళ కిందటి సీరియల్ వచ్చినా కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఆంధ్రా, తెలంగాణ దాటి బెంగళూరులో, చెన్నైలో, బళ్ళారిలో, హోసూరులో ఎంతమంది పెద్దవాళ్ళు ఇలా పిల్లల దగ్గర ఉన్నారో మీకు తెలుసు. బయట వీధి భాష వాళ్ళకి రాదు, ఇంట్లో అందరూ పనుల్లో ఉంటారు, పగలంతా వాళ్ళతో తెలుగులో మాట్లాడేది ఆ టీవీ ఒక్కటే. ఈ మాట మీ పత్రిక ద్వారా ప్రసార భారతి చెవిన, తెలుగు ఛానళ్ళ చెవిన పడాలని నా కోరిక.

మా కేబుల్ అబ్బాయి మీద నాకు కోపం లేదు. బాక్స్ తిరిగి ఇచ్చేరోజు "అక్కా, అజ్జికి మళ్ళీ కావాలంటే చెప్పండి, ఒక్క ఛానలైనా వేసిస్తాను" అన్నాడు. ఆ మాట ముందే అని ఉంటే బహుశా మేం తీయించేవాళ్ళం కాదు.

మా కింది వాటాలో ఉండే కర్నూలు వాళ్ళు కూడా ఇప్పుడు కేబుల్ తీయిద్దామనుకుంటున్నారు. వాళ్ళింట్లో తాతగారున్నారు. మొన్న ఆదివారం వాళ్ళ టీవీ పక్కన నోట్‌బుక్ వేలాడదీసి వచ్చాను. తాతగారి పేరుతో ఒక పేజీ వేరే పెట్టాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రామమూర్తినగర్, బెంగళూరు.