జిల్లా గ్రంథాలయాల్లో ట్రేడ్‌మార్క్, పేటెంట్ శోధన సాయం కావాలి

సంపాదకులకు నమస్కారం.

పలాసలో జీడిపప్పు ప్యాకెట్లకు కవర్లు అచ్చు వేయించేవారైనా, పొందూరు ఖద్దరుకు సొంత పేరు పెట్టుకునేవారైనా ఆ పేరు ఇంకొకరిదేమో ముందే చూసుకోవాలి. చూడడానికి పైసా ఖర్చు లేదు, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉంది. ఎలా చూడాలో తెలియకే డబ్బు పోతోంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కేంద్ర గ్రంథాలయాలు ఈ సాయం అందించాలని నా విన్నపం.

మొదటి పొరపాటు తరగతి దగ్గర జరుగుతుంది. ట్రేడ్‌మార్క్ నమోదు కోసం సరుకులను, సేవలను కలిపి 45 తరగతులుగా విడదీశారు, పేరు నమోదు తరగతి వారీగానే జరుగుతుంది. వేయించిన జీడిపప్పు 29లో, మిఠాయిలు 30లో, ముడి గింజలు 31లో, దుకాణం నడపడం 35లో వస్తాయి. 30లో వెతికి ఖాళీగా ఉందని సంబరపడితే, 29లో అదే పేరు నమోదు చేసుకున్నవారు రేపు అడ్డుపడవచ్చు. ఆన్‌లైన్ దరఖాస్తుకు వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు తరగతికి రూ.4,500, ఇతరులకు రూ.9,000. తరగతి తప్పితే ఆ సొమ్ము పోయినట్టే.

రెండోది స్పెల్లింగు. 'శ్రీ'ని ఇంగ్లిష్‌లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు, 'లక్ష్మి'లో కొందరు 'ఎక్స్' వాడతారు. 'శ్రీలక్ష్మి' అని ఒక్క స్పెల్లింగుతో చూసి ఆపేస్తే సగం కనబడవు. పేరులో ఎక్కడున్నా పట్టిచ్చే 'కంటెయిన్స్' ఎంచుకుని 'లక్ష్మి' ముక్కను రెండు రకాలుగానూ వెతకాలి. తర్వాత పలకడంలో దగ్గరగా ఉండే పేర్ల కోసం ఫొనెటిక్ సెర్చ్, బొమ్మ ఉంటే బొమ్మల రకాలకు ఇచ్చే సంఖ్య అయిన వియన్నా కోడ్‌తో మరోసారి చూడాలి. 'ఆబ్జెక్టెడ్' (రిజిస్ట్రీ అభ్యంతరం చెప్పింది) అని ఉన్న దరఖాస్తు చచ్చిపోయినట్టు కాదు, ఇంకా నడుస్తున్నదే. ఇక 'పలాస' వంటి ఊరిపేరును జీడిపప్పుకు ఒక్కరికే కట్టబెట్టమంటే ట్రేడ్‌మార్క్స్ చట్టం సెక్షన్ 9 కింద అభ్యంతరం వస్తుంది. దరఖాస్తును పరిశీలించి రిజిస్ట్రీ పంపే పరీక్ష నివేదికకు, అది అందిన నెలలోగా జవాబివ్వకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క.

పేటెంట్లలో చిక్కు వేరు. జీడిగింజలు కొట్టే యంత్రాన్ని 'కాష్యూ' అన్న మాటతోనే వెతికితే 'నట్ షెల్లర్', 'డీకార్టికేటర్' పేర్లతో ఉన్నవి తప్పిపోతాయి. గింజల పెంకు తీసే యంత్రాలకు ఇచ్చిన ఎ23ఎన్ 5/00 (A23N 5/00) అనే అంతర్జాతీయ పేటెంట్ వర్గీకరణ సంఖ్యతో వెతికితే అవీ దొరుకుతాయి. యంత్రం వీడియోను దరఖాస్తుకు ముందే యూట్యూబ్‌లో పెడితే పేటెంటుకు కావాల్సిన కొత్తదనం పోతుందని చాలామందికి తెలియదు. గడువు తీరిన పేటెంట్ల డ్రాయింగులు మన లేత్ వర్క్‌షాపులకు ఉచిత పాఠాలు. ఆ మాట చెప్పేవారే లేరు.

అమెరికాలో 80కి పైగా గ్రంథాలయాలు పేటెంట్, ట్రేడ్‌మార్క్ కేంద్రాలుగా పనిచేస్తున్నాయి. అక్కడి సిబ్బంది వెతకడం నేర్పుతారు, న్యాయసలహా ఇవ్వరు. ఆ హద్దు ఇక్కడా పాటించాలి. 'ఈ పేరు మీకు వస్తుంది' అని గ్రంథపాలకుడు చెప్పకూడదు.

ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు. ఒక కంప్యూటరు, ప్రింటరు, శిక్షణ పొందిన ఇద్దరు సిబ్బంది, వారంలో ఒక నిర్ణీత రోజు చాలు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు దాన్ని సకాలంలో జమచేస్తే ఈ ఖర్చు బరువు కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థ, జిల్లా పరిశ్రమల కేంద్రం కలిసి కూర్చుంటే శిక్షణ సంగతి తేలుతుంది.

తొలి పనిగా నమోదుకు ముందు పేర్లను ప్రకటించే, సోమవారాల్లో వెలువడే ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో మన ప్రాంత సరుకుల పేర్లు వచ్చాయేమో చూసి నోటీసు బోర్డులో పెట్టవచ్చు. ప్రచురించిన నాటినుంచి అభ్యంతరం చెప్పడానికి ఉన్నది నాలుగు నెలలే.

— ఒక విశ్రాంత గ్రంథపాలకుడు, శ్రీకాకుళం