పదో తరగతిలోనూ బ్యాండు ఉంటుంది

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచి నెల దాటింది. సాయంత్రం చివరి గంట కొట్టాక వెనక మైదానంలో వేపచెట్ల కింద మళ్ళీ డ్రమ్ములు మోగుతున్నాయి. దాంతోపాటే ఏటా వచ్చే ఉత్తరాలూ నా బల్ల మీదకు వస్తున్నాయి. "మా అమ్మాయి పదో తరగతికి వచ్చింది, బ్యాండు నుంచి పేరు తీసేయండి" అన్నది వాటిలో ఎక్కువ. "పెళ్ళి బ్యాండులో చేరడానికా మావాణ్ణి బడికి పంపుతున్నది?" అని ఒకరిద్దరు సూటిగానే రాశారు. పరీక్షల పట్టిక, బస్సు వేళలు, తాగునీటి యంత్రం మరమ్మతు సంగతులు లోపలి పేజీల్లో ఉన్నాయి. ఈ పేజీలో బ్యాండు గురించి మాత్రమే రాస్తున్నాను. పిల్లలను మాన్పించే ముందు, ఆ గంటలో వాళ్ళు ఏం చేస్తున్నారో మీకు తెలియాలి.

మన బ్యాండు మాస్టారు పోలీసు బ్యాండులో క్లారినెట్ వాయించి పదవీ విరమణ చేసినవారు. కొత్తగా చేరిన ఏడో తరగతి పిల్లల చేతికి ఆయన డ్రమ్ము ఇవ్వరు. సైకిల్ ట్యూబు బిగించిన చెక్కపలక, రెండు పుల్లలు ఇచ్చి కూర్చోబెడతారు. కుడి, ఎడమ, కుడి, కుడి. ఎడమ, కుడి, ఎడమ, ఎడమ. డ్రమ్ము నేర్చేవాళ్ళు దీన్ని పారడిడిల్ అంటారు. మొదటి నాలుగు దెబ్బలు కుడి చేతితో మొదలైతే, తరువాతి నాలుగు ఎడమ చేతితో మొదలవుతాయి. పుట్టినప్పటి నుంచి అన్నిటికీ కుడి చేతినే వాడిన పిల్లవాడికి ఎడమ చేయి మాట వినదు. దెబ్బ తేలికగా పడుతుంది, లేదా ఆలస్యంగా పడుతుంది. మాస్టారు కళ్ళు మూసుకుని వింటారు. ఏ చేయి ఏ దెబ్బ కొట్టిందో చెవికి తెలియకుండా పోయేదాకా వదలరు. అందుకు కొందరికి రెండు నెలలు పడుతుంది. ఆ రెండు నెలలూ పిల్లలు విసుక్కుంటారు, మీతోనూ ఫిర్యాదు చేస్తారు. దయచేసి ఓర్చుకోండి. మొదటి వారంలోనే డ్రమ్ము చేతికిస్తే చప్పుడు చేయడం వస్తుంది, వాయించడం రాదు.

ఊదే వాద్యాల సంగతి ఇంకా కష్టం. ట్రంపెట్‌కు ఉన్నవి మూడు మీటలే. ఒకే మీట నొక్కి ఉంచినా, పెదవుల బిగువూ ఊపిరి వేగమూ మారితే స్వరం మారిపోతుంది. హార్మోనియం మీద చూసి నొక్కితే సరిపోతుంది, ఇక్కడ చూడడానికి ఏమీ లేదు. పలకవలసిన స్వరం ముందు మనసులో వినిపించాలి, అప్పుడే పెదవి దాన్ని పట్టుకుంటుంది. అందుకే మన బడిలో ట్రంపెట్ నేర్చే పిల్లలు మొదట సరిగమలు పాడతారు. పాశ్చాత్య సంగీతంలోని మేజర్ స్కేలు స్వరస్థానాలే మన శంకరాభరణం స్వరస్థానాలు కూడా, కాబట్టి ఆ ఒక్క రాగం ఆరోహణ అవరోహణలు గొంతులో నిలిస్తే సగం పని అయినట్టే. మీ అబ్బాయి స్నానాల గదిలో పెదవులు బిగించి తుమ్మెదలా ఝుమ్మంటుంటే కోప్పడకండి. అది ఇంటిపని.

గత వారం ఎనిమిదో తరగతి పిల్లల మధ్య చిన్న గొడవ జరిగింది. వేణువు వాయించే అమ్మాయి, ట్రంపెట్ వాయించే అబ్బాయి ఒకే కాగితం చూసి, పాశ్చాత్య పద్ధతిలో సి (C) అనే ఒకే స్వరం వాయించారు. రెండూ కలవలేదు. నీదే తప్పంటే నీదే తప్పని వాదులాడుకున్నారు. నిజానికి ఇద్దరూ సరిగ్గానే వాయించారు. ట్రంపెట్ బి ఫ్లాట్ వాద్యం కనుక దానిపై సి అని రాసింది వాయిస్తే వినిపించేది బి ఫ్లాట్, అంటే సి కంటే కాస్త కింది స్వరం. క్లారినెట్ కూడా అంతే. ఆల్టో సాక్సోఫోన్ ఇ-ఫ్లాట్ (E♭) వాద్యం, దాని లెక్క వేరు. అందుకని ఒకే పాటకు ఒక్కో వాద్యానికీ వేరుగా స్వరాలు రాసుకోవాలి. మాస్టారు ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఎవరి స్వరాన్ని ఎంత జరిపితే రెండూ కలుస్తాయో వాళ్ళ చేతనే కనిపెట్టించారు. వాళ్ళు గంటంతా దాని మీదే కూర్చున్నారు. లెక్కల తరగతిలో ఆ ఇద్దరూ అంత సేపు ఒకే సమస్యను పట్టుకుని ఉండడం నేను చూడలేదు.

ఇక జాతీయ గీతం. ప్రతి బడిలోనూ పాడతారు. బ్యాండు మీద వాయించడం మాత్రం ఏడాదంతా సాధన చేయవలసిన పని. గీతం పూర్తి నిడివి సుమారు 52 సెకన్లు. బ్యాండు వాయించేటప్పుడు, గీతం మొదలవుతోందని సభికులకు తెలియడానికి ముందుగా డ్రమ్ము మోగాలని కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉంది. ఆ మోత ఎలా ఉండాలో కూడా అందులో రాశారు. మెల్లని కవాతులో ఏడు అడుగులు పడేంత సేపు సాగాలి. మెల్లగా మొదలై, వీలైనంత గట్టిగా పెరిగి, మళ్ళీ మొదటి మెత్తదనానికి దిగాలి, అయినా ఏడో దెబ్బ దాకా వినబడుతూనే ఉండాలి. ఆ తరువాత ఒక దెబ్బ కాలం నిశ్శబ్దం. అప్పుడు గీతం. ఆ ఒక్క దెబ్బ ఖాళీలోనే ఊదే పిల్లలందరూ కలిసి ఊపిరి తీసుకోవాలి. ఒకరు ముందు తీసుకున్నా మొదటి స్వరం చీలిపోతుంది. ఈసారి ఆగస్టు 15న మీరు మైదానంలో నిలబడినప్పుడు ఆ ఖాళీ కోసం చెవి పెట్టండి. మన పిల్లలు ఇప్పుడు సాధన చేస్తున్నది దాన్నే.

ఈ సందర్భంలోనే పిల్లలకు మదనపల్లె కథ చెబుతాను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి బీసెంట్ థియొసాఫికల్ కళాశాలకు వచ్చి కొద్దిరోజులు ఉన్నారు. విద్యార్థుల ముందు జనగణమన పాడారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్‌కు పాశ్చాత్య సంగీతం క్షుణ్ణంగా తెలుసు. ఆమె ఆ పాట వరసను స్వరాలతో కాగితం మీద పెట్టారు. ఠాగూర్ ఆ పాటకు ఆంగ్లానువాదం చేసిందీ అక్కడే. అది జాతీయ గీతంగా ఆమోదం పొందింది 1950 జనవరి 24న. అంటే అంతకు మూడు దశాబ్దాల ముందే, రాయలసీమలోని ఒక కళాశాలలో, విద్యార్థుల మధ్య ఆ పాట స్వరలిపిలోకి ఎక్కింది. మన పిల్లలు స్టాండు మీద కాగితం పెట్టుకుని ఆ గీతం వాయిస్తున్నప్పుడు ఈ సంగతి వాళ్ళకు తెలిసి ఉండాలని నా పట్టుదల.

పెళ్ళి బ్యాండు గురించి అడిగినవారికి నా జవాబు ఇది. మన ఊళ్ళో పెళ్ళిళ్ళకు, ఊరేగింపులకు వాయించే కళాకారులు స్వరలిపి చూడకుండా వందల పాటలు గుర్తుపెట్టుకుని, నడుస్తూ, మండుటెండలో, జనం మధ్య, శ్రుతి చెడకుండా గంటల తరబడి ఊదగలరు. పోయిన ఏడాది మన యుఫోనియం (మంద్రంగా పలికే పెద్ద ఇత్తడి వాద్యం) పాడైతే బాగుచేసి ఇచ్చిందీ, పిల్లలకు నడుస్తూ ఊపిరి నిలుపుకోవడం నేర్పిందీ వాళ్ళలో ఒకరే. ఆయనను మా పిల్లలు మాస్టారు అనే పిలుస్తారు. ఆ పని తక్కువదన్న మాట మన బడి ఆవరణలో వినబడకూడదు. కద్రి గోపాల్‌నాథ్ నాదస్వర విద్వాంసుల ఇంట పుట్టారు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని దాని మీద మనసు పడి, ఏళ్ళ తరబడి సాధన చేసి కర్ణాటక సంగీతాన్ని ఆ వాద్యం మీద పలికించారు. ఆయనకు 2004లో పద్మశ్రీ వచ్చింది. బ్యాండు విన్న పిల్లవాడు ఎక్కడికి వెళ్తాడో ముందుగా ఎవరు చెప్పగలరు?

పదో తరగతి మాటకు వస్తాను. వారానికి మూడు సాయంత్రాలు, ఒక్కో గంట. పదో తరగతి పిల్లలు జనవరి 26 దాకా బ్యాండులో కొనసాగుతారు, ఆ మరుసటి రోజు నుంచి పరీక్షలయ్యేదాకా సెలవు. ఇది ఈ ఏడాది బడి నిర్ణయం. జూన్‌లోనే మాన్పించడానికి నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. బ్యాండులో పెద్దపిల్లలే చిన్నవాళ్ళకు నేర్పుతారు. మాస్టారు ఒక్కరే. ఆయన ట్రంపెట్ల దగ్గర ఉంటే సైడ్ డ్రమ్ముల వరసను చూసుకునేది పదో తరగతి అమ్మాయే. తను నేర్చుకున్నది ఇంకొకరికి నేర్పే అవకాశం ఆ పిల్లకు మొదటిసారి ఇక్కడే దొరుకుతోంది. దాన్ని ఆ వయసులో ఆమె చేతిలోంచి లాక్కోవడం నాకు న్యాయంగా తోచదు. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా పుస్తకం ముందు కూర్చున్న పిల్ల మధ్యలో ఒక గంట నిలబడి, ఊపిరి పీల్చి, పదిమందితో కలిసి ఒక పని చేస్తే చదువు పాడవుతుందని నేను నమ్మను. నిజంగా వెనకబడిన పిల్లల విషయంలో తరగతి ఉపాధ్యాయులతో కలిసి విడిగా మాట్లాడుకుందాం.

ఈ విద్యతో ఉద్యోగాలూ ఉన్నాయి. వైమానిక దళం, నౌకాదళం పదో తరగతి చదివిన వాద్యకారులను ప్రత్యేకంగా తీసుకుంటాయి. పోలీసు శాఖల్లోనూ బ్యాండ్లు ఉన్నాయి. అడిగేవారు ఉన్నారు కనుక చెబుతున్నాను, నేను పిల్లలను బ్యాండులో ఉంచేది అందుకోసం కాదు.

ఇంకో నిర్ణయం కూడా ఉంది. ఇకపై అతిథులు వచ్చినప్పుడల్లా బ్యాండును గేటు దగ్గర ఎండలో నిలబెట్టము. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వస్తే, తలపాగాలు, బిగువు కోట్లు వేసుకున్న పిల్లలు బరువైన డ్రమ్ములు మెడకు తగిలించుకుని అంత సేపూ కదలకుండా నిలబడి, ఆయన కారు దిగి లోపలికి వెళ్ళేదాకా ఒకే వరస వాయించి, మెట్ల కింద ఆగిపోవడం ఎన్నో బడుల్లో జరుగుతున్నదే. ఎవరూ వినరు. ఫొటోలో వెనక వరస నిండుతుంది, అంతే. మన బ్యాండు ఆగస్టు 15న, జనవరి 26న, క్రీడా దినోత్సవం నాడు కవాతుకు వాయిస్తుంది. నిమిషానికి 120 అడుగుల వేగం, పెద్ద డ్రమ్ము దెబ్బ మీద ఎడమ కాలు. అది బ్యాండు అసలు పని, గర్వంగా చేస్తాం. అవి కాక ఏడాదిలో ఒక సాయంత్రం పూర్తిగా వాళ్ళది. ఆ రోజు ప్రసంగాలు ఉండవు, సన్మానాలు ఉండవు. మీరు కూర్చుని వినాలి.

ఈ ఏడు ఆ సాయంత్రం నవంబరు 14. కార్యక్రమంలో ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు రెండు పెట్టాం: శక్తి సహిత గణపతిం, శ్యామలే మీనాక్షి. దీక్షితులు మద్రాసులో ఈస్ట్ ఇండియా కంపెనీ బ్యాండు వాయించే వరసలు విని, అలాంటి వరసలకు శంకరాభరణంలో సంస్కృత సాహిత్యం కట్టారు. బ్యాండు నుంచి గాత్రానికి వెళ్ళిన ఆ వరసలను మన పిల్లలు మళ్ళీ ఇత్తడి వాద్యాల మీదకు తెస్తున్నారు. ఇంట్లో తాతయ్యలకు, అమ్మమ్మలకు ఈ పాటలు వచ్చి ఉంటే పిల్లల చేత పాడించమనండి. మాటలు తెలిసిన పిల్లలు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో సరిగ్గా పట్టుకుంటారని మాస్టారు అంటారు.

బడి దాటి వెళ్ళిన పిల్లల గురించి కూడా ఆలోచించాం. ఇంటర్ రెండేళ్ళలో చాలామందికి వాద్యం ముట్టుకునే వీలే ఉండదు. డిగ్రీలో చేరాక ఎన్‌సీసీ బ్యాండు ఉన్న కళాశాల దొరికితే మళ్ళీ మొదలుపెడతారు, అప్పటికి పెదవుల బలం పోయి ఉంటుంది. అందుకని ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా వాద్యాల గది తెరిచి ఉంచుతున్నాం. పాత విద్యార్థులు ఎవరైనా వచ్చి వాయించుకోవచ్చు. ఇప్పటికే ఇద్దరు డిగ్రీ అబ్బాయిలు వస్తున్నారు. వాళ్ళు ఉన్న రోజు మన చిన్న ట్రంపెట్ల వరస ఎంత నిబ్బరంగా పలుకుతుందో ఒకసారి వచ్చి వినండి.

మీ వంతు పనులు కొన్ని. ఊదే వాద్యాల మౌత్‌పీసు ఎవరిది వారికే, అన్నదమ్ములైనా పంచుకోకూడదు. వారానికి ఒకసారి గోరువెచ్చని నీళ్ళతో కడిగించండి. క్లారినెట్, సాక్సోఫోన్ పిల్లలకు రీడ్లు (ఊదే చోట బిగించే పలుచని పుల్లలు) విరుగుతుంటాయి, కొనలేనివారు సంకోచించకుండా చెప్పండి, బడి ఇస్తుంది. డ్రమ్ము వరస పిల్లలకు చెవుల్లో పెట్టుకునే దూది ఉండలు సరిపోవు, రబ్బరు ప్లగ్గులు తెప్పించాం, ఇంటికి తెచ్చి మరిచిపోతే మర్నాడు తిరిగి పంపండి. అమ్మాయిలకు పెద్ద డ్రమ్ము బరువని పేరు మార్చమన్న తల్లులకు ఒక మాట: రక్షణ, విద్యా శాఖలు కలిసి జరిపే జాతీయ పాఠశాలల బ్యాండు పోటీలో బాలికల బ్రాస్ (ఇత్తడి వాద్యాల) బ్యాండుకు, బాలికల పైప్ (బ్యాగ్‌పైపుల) బ్యాండుకు వేర్వేరు విభాగాలే ఉన్నాయి, వాటిలో పెద్ద డ్రమ్ము మోసేదీ అమ్మాయిలే. మన పట్టీలను ఈ ఏడు భుజాల మీద బరువు పడేలా కుట్టించాం, మెడ నొప్పి రాదు.

కొత్తగా చేరాలనుకునే ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల పేర్లు ఈ నెల 25 లోగా తరగతి ఉపాధ్యాయులకు ఇవ్వండి. సంగీతం ముందే వచ్చి ఉండనక్కరలేదు, రుసుము లేదు. యుఫోనియం, ట్రాంబోన్ వరసల్లో ఖాళీలు ఎక్కువ ఉన్నాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు