అవతార్ ముందు పాతదే చూద్దాం

ఫ్రెండ్స్, ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ కార్టూన్ సిరీస్‌ని నటులతో మళ్లీ తీసిన నెట్‌ఫ్లిక్స్ రీమేక్‌తో మొదలుపెడదాం అంటున్నవాళ్లూ, దయచేసి వద్దు. కథ సృష్టించిన మైఖేల్ డిమార్టినో, బ్రయాన్ కొనియెట్జ్‌కో మొదట అందులో ఉన్నారు, కానీ 2020లో పొసగక బయటికొచ్చేశారు, ఫ్యాన్స్‌కి టెన్షన్ అప్పుడే పట్టుకుంది. అనుకున్నంతా అయింది. పాతదాంట్లో హీరో ఆంగ్ అనే పిల్లాడు లోకాన్ని కాపాడే అవతార్‌గా తన బాధ్యతకి భయపడి పారిపోతాడు, మంచులో గడ్డకట్టి వందేళ్ల తర్వాత మేలుకున్నాక ఆ తప్పే అతన్ని తొలిచేస్తూ ఉంటుంది. కొత్తదాంట్లో కాస్త మనసు కుదుటపడాలని బయటికెళ్తాడు, అంతే! ఆంగ్ స్నేహితుడు సొక్కా ఆడపిల్లల్ని తక్కువచేసి మాట్లాడటం కూడా తగ్గించేశారు, మరి యోధురాలు సుకీ చేతిలో ఓడి, క్షమాపణ అడిగి, ఆమె దగ్గరే నేర్చుకునే ఆ మార్పుకి బలం ఎక్కడిది? నటించిన పిల్లలు కష్టపడ్డారు, వాళ్లని అనను. పాతదాంట్లో 2005 నుంచి 2008 దాకా వచ్చినవి మొత్తం 61 ఎపిసోడ్లు, అన్నీ చిన్నవే. శనివారం రాత్రి మొదలుపెడదాం, ఎవరెవరు వస్తారో చెప్పండి.