కార్యాలయ ఫోన్లలో రొద: పరికరం మార్చే ముందు చోటు తేల్చాలి

సంపాదకులకు నమస్కారం.

చిన్న కార్యాలయాల్లో ఫోన్ ఎత్తగానే గుయ్యిమనే శబ్దమో, చిటపటలో వినిపిస్తే ముందుగా కొత్త ఫోన్ కొంటారు. అప్పటికీ తగ్గకపోతే, బయటి లైన్లను కార్యాలయంలోని ఫోన్లన్నిటికీ కలిపే ఈపీఏబీఎక్స్ పెట్టెనే మార్చేస్తారు. రొద ఎక్కడ పుడుతున్నదో తేలకుండా చేసిన ఈ ఖర్చు తరచుగా వృథా అవుతుంది. ఆ చోటును కార్యాలయంలోని వారే చాలావరకు తేల్చుకోవచ్చని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

బయటి లైను లోపలికి వచ్చే పెట్టె దగ్గర ఈపీఏబీఎక్స్‌కు వెళ్లే కనెక్షన్ తీసివేసి, ఒక మామూలు ఫోన్‌ను నేరుగా ఆ లైనుకు తగిలించాలి. ఒక అంకె నొక్కితే డయల్ టోన్ ఆగిపోతుంది. ఆ కొద్దిసేపట్లో లైను అసలు స్థితి చెవికి తెలుస్తుంది. గంట మోగేటప్పుడు లైనులో 75 నుంచి 90 వోల్టుల దాకా ఉండవచ్చు కనుక తీగల కొసలను చేతితో పట్టుకోకూడదు. రొద అక్కడే వినిపిస్తే దాన్ని సరిచేయవలసింది టెలిఫోన్ సంస్థ. అక్కడ లేకపోతే దోషం కార్యాలయంలోనే ఉంది. అప్పుడు ఒక ఎక్స్‌టెన్షన్ (ఈపీఏబీఎక్స్‌కు కలిపిన లోపలి ఫోన్) నుంచి మరొకదానికి ఇంటర్‌కమ్‌లో మాట్లాడి చూడాలి. ఒక బల్ల దగ్గరే రొద ఉంటే, అక్కడి ఫోన్‌ను బాగా పనిచేస్తున్న మరో ఫోన్‌తో మార్చి వినాలి. రొద ఫోన్‌తో పాటు వెళ్తే ఆ ఫోన్‌నో, దాని రిసీవర్ చుట్టల తీగనో అనుమానించాలి. బల్ల దగ్గరే ఉండిపోతే గోడలోని తీగనో, ఈపీఏబీఎక్స్‌లో ఆ తీగ తగిలించే పోర్టునో చూడాలి. అన్ని ఎక్స్‌టెన్షన్లలోనూ ఒకేలా వినిపిస్తే ఈపీఏబీఎక్స్ విద్యుత్ సరఫరానూ, ఎర్తింగునూ పరీక్షించాలి.

గుయ్యిమనే రొద గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొరపాటు నిర్ణయాలు ఎక్కువగా దీనివల్లే జరుగుతాయి. కరెంటు తీగల్లోని విద్యుత్తు సెకనుకు 50 సార్లు, కొన్ని దేశాల్లో 60 సార్లు ఊగుతుంది. టెలిఫోన్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల (సెకనుకు ఊగే సార్లు) మధ్య ధ్వనినే మోస్తుంది కాబట్టి మనకు వినిపించేది ముఖ్యంగా ఆ ఊగిసలాటకు ఎన్నో రెట్లు వేగంగా ఊగే గుణిజాలే. లైనులోని రెండు తీగలూ మెలితిప్పి ఉంటే బయటి విద్యుత్ ప్రభావం రెండింటిపైనా సమానంగా పడి, ఫోన్ దగ్గర రద్దయిపోతుంది. ఈ మెలిక జతకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ పొందారు. తీగలు బిగించేవారు తొందరలో ఒక జత నుంచి ఒక తీగ, మరో జత నుంచి ఇంకొక తీగ తీసుకుని కలిపితే ఆ రక్షణ పోతుంది. ఫోన్ మోగుతుంది, మాట వినిపిస్తుంది, కనుక తప్పు జరిగినట్టు ఎవరికీ తోచదు. కాని గుయ్యిమనే రొదకు తోడు పక్క లైనులోని మాటలు కూడా చెవిన పడతాయి. రెండు తీగల్లో ఒకటి తడి వల్ల ఎర్త్‌కు తగిలినా ఇదే రొద వస్తుంది. కరెంటు తీగల పక్కనే చాలా దూరం ఫోన్ తీగలను నడపడం మరొక కారణం; తప్పనిసరైన చోట అవి అడ్డంగా దాటేలా చూడాలి.

చిటపటలకు వదులైన జాయింటు, తుప్పు, కేబుల్లో చేరిన నీరు కారణాలు. వాన పడినప్పుడు పెరిగితే సందేహమే అక్కర్లేదు. ఎడతెగని బుసలాంటి శబ్దం ఉండి, అదే లైనుపై ఏడీఎస్ఎల్ ఇంటర్నెట్ (ఫోన్ తీగ మీదుగానే వచ్చేది) కూడా ఉంటే, ఇంటర్నెట్ సంకేతాలను ఫోన్‌లోకి రానివ్వని ఫిల్టర్ లేదని అనుమానించాలి. ప్రతి ఫోన్‌కు ఒక ఫిల్టర్ వెతుక్కోవడం కంటే, ఈపీఏబీఎక్స్‌కు ముందే, లైను ప్రవేశించే చోట మాటనూ ఇంటర్నెట్‌నూ వేరుచేసే స్ప్లిటర్ ఒకటి పెట్టడం మేలు.

కంప్యూటర్ నెట్‌వర్క్ ద్వారా మాటను పంపే ఐపీ ఫోన్లలో మాట తునకలుగా వినిపించడం వేరే సంగతి. దానికి కారణం నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు (మాటను మోసే చిన్న సమాచార ముక్కలు) పోవడం లేదా ఆగి ఆగి రావడం. కార్యాలయంలో పెద్ద ఫైళ్లు పంపుతున్న వేళల్లోనే వస్తుందేమో గమనించి, రౌటర్‌లో మాటకు ప్రాధాన్యం ఇవ్వాలి. మన మాట మనకే తిరిగి వినిపిస్తుంటే మన ఫోన్ మార్చి లాభం లేదు. ఆ ప్రతిధ్వని చాలావరకు అవతలి కొసన, లేదా అనలాగ్ లైను ఐపీ వ్యవస్థలో కలిసే పోర్టు దగ్గర పుడుతుంది.

తీగలు బిగించే సాంకేతిక నిపుణులకు నా విన్నపం: ఏ జత ఏ బల్లకు వెళ్తుందో రాసిన చిత్రాన్ని పెట్టె తలుపు లోపల అతికించి వెళ్లండి. టెలిఫోన్ సంస్థలు కూడా ప్రవేశ పెట్టె దగ్గరి పరీక్షను వినియోగదారుని ఎదుటే చేసి, ఫలితాన్ని ఫిర్యాదు పత్రంలో రాసి ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు