అటక దిగిన గురివింద గింజలు

రాజమహేంద్రవరం,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఊరికే రాస్తున్నాను, పనేమీ లేదు. నీ ఫోను రాక పంతొమ్మిది రోజులైందని మీ అమ్మ లెక్కపెడుతోంది. నేను లెక్కపెట్టడం లేదు.

అటక మీది మూడు కాన్వాసులు దించాను. అవే, గురివింద గింజలవి. ఇన్నేళ్లు చీకట్లో ఉండి రంగుల్లోని అవిసె నూనె పసుపెక్కింది. తెలుపంతా పాత పంచెలా ఉంది. వెలుతురు తగిలితే కొంత విరుగుతుంది కదా అని వీధి గది కిటికీ దగ్గర పెట్టాను. నిజంగానే తేరుకున్నాయి. ఒకటి పూర్తి చేశాను. రెండోదానిలో కొత్త ఎరుపు పాత ఎరుపుతో కలవనంటోంది.

నువ్వు పరిశోధన సగంలో మానేశావని సామర్లకోట అత్తయ్య ఎవరితోనో అందట. ఆవిడ మాటలు నేను పట్టించుకోను.

ఈ బొమ్మలు బద్ధకంతో వదిలేశానని మీ అమ్మ అంటుంది. నేనూ ఒప్పుకుంటూ వచ్చాను. అసలు సంగతి వేరు. తాతయ్య బంగారం తూచే గింజలు పీట మీద పోసుకుని వేస్తున్నాను. నీకు మూడేళ్లు. ఎనిమిది గింజలు ఉండాలి, చూస్తే ఏడే ఉన్నాయి. నోరు తెరవమంటే తెరిచి నవ్వావు. ఆ గింజ లోపలంతా విషం. నిన్ను భుజాన వేసుకుని చెప్పులు లేకుండా దేవీచౌక్ దాకా పరుగెత్తాను. రిక్షా ఎక్కవచ్చన్న ఆలోచన అక్కడికి చేరాక వచ్చింది. డాక్టరు అడిగింది ఒకటే: "నమిలిందా, మింగిందా?" తొక్క గట్టిది, పగలకపోతే అలాగే బయటికి వచ్చేస్తుందట. నమిలావో లేదో నాకేం తెలుసు? అప్పుడు నేను గింజ మీద మెరుపు చుక్క పెడుతున్నాను, నీ వైపు చూడలేదు. మర్నాడు సాయంత్రం గింజ చెక్కుచెదరకుండా వచ్చింది. మీ అమ్మ ఏడ్చింది. నేను కాన్వాసులు అటకెక్కించాను.

మొదలుపెట్టిన పని వదలకూడదమ్మా. మన ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1925లో పోయేనాటికి ఆయనకు 27 ఏళ్లు. ఆ వయసుకే ఎంత పని చేశారు! నీకూ ఇప్పుడు 27... ఈ ముక్క చూసి మీ అమ్మ "నోట మంచి మాట రాదా, కొట్టేయండి" అని కసిరింది. కొట్టేస్తే మరకవుతుందని ఉంచాను. గురివింద తన కింది నలుపెరగదని, 24 ఏళ్లు బొమ్మలు అటకెక్కించినవాణ్ని నీకు చెబుతున్నాను చూడు.

మానేస్తే మానేశావు, అన్నం మానకు. రాత్రిళ్లు పెరుగన్నమైనా తింటున్నావా? ఆ గదిలో ఫ్యాను బాగు చేయించారా? మీ గైడుతో ఏదైనా గొడవైతే నాకు చెప్పు, మీ అమ్మకు చెప్పను. ఎలాగూ నా మొహం చూసి కనిపెట్టేస్తుంది.

మూడో బొమ్మ మొదలుపెట్టలేదు. దాంట్లో నీ చిన్నప్పటి చెయ్యి కూడా ఉంది, పీట అంచు పట్టుకుని. వేళ్లు సరిగ్గా గుర్తు రావడం లేదు. ఒకసారి వచ్చి కూర్చుంటే బాగుంటుంది, పండక్కే రావాలని లేదు.

పార్సిల్లో సున్నుండలు, కందిపొడి పెట్టాం. గింజలు మాత్రం పంపడం లేదు.

నాన్న