అరండల్‌పేటలో మావాడి తల కింద చున్నీ పెట్టిన చిట్టితల్లికి

గుంటూరు అరండల్‌పేటలో మొన్న గురువారం సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తూ మా అబ్బాయి ఫిట్స్ వచ్చి రోడ్డు పక్కన పడిపోయాడు. ఇప్పుడు బాగున్నాడు. వాడికి తెలివి వచ్చేదాకా కదలకుండా పక్కనే కూర్చున్న తొమ్మిదో తరగతి పాపకి, ఆ పాపను కన్న అన్నయ్యగారికి, వదినగారికి, బజ్జీల బండి అమ్మకి, ఆటో అబ్బాయికి చేతులెత్తి దండం పెడుతున్నాం. పేర్లు వద్దని వదినగారు అన్నారు, అందుకే రాయడం లేదు. కానీ ఆ పాప ఏం చేసిందో, అది ఎందుకు సరైన పనో మాత్రం వివరంగా రాయాలి.

వాడు పడగానే ముందు టైము చూసి, పెన్నుతో అరచేతి మీద 5:42 అని రాసుకుంది. ఆగాక దాని కిందే 5:45 అని రాసింది. ఆస్పత్రిలో డాక్టర్ గారు మొట్టమొదట అడిగేది ఇదే, ఎంతసేపు వచ్చింది అని. చూసినవాళ్లను అడిగితే పది నిమిషాలంటారు. కంగారులో నిమిషం గంటలా ఉంటుంది మరి. మామూలుగా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా వెంటనే 108కి చేయాలి.

తర్వాత చున్నీ మడిచి తల కింద పెట్టింది, కళ్లజోడు తీసింది, కాలరు బొత్తాం విప్పింది. పక్కనే బాండీలో నూనె మరుగుతోంది. బజ్జీల అమ్మ మంట ఆర్పి బండిని వెనక్కి లాగేసింది. కొట్టుకుంటున్న కాళ్లూ చేతులూ మాత్రం ఎవరూ అదిమి పట్టలేదు. అలా పడితే ఫిట్స్ ఆగదు సరికదా, భుజం కీలు తప్పొచ్చు.

ఇంతలో ఒక పెద్దాయన మావాడి చేతిలో తాళాలగుత్తి పెట్టబోతే, "వద్దు అంకుల్, దాంతో తగ్గదు, చెయ్యి కోసుకుంటుంది" అందట. గుంపులో పెద్దవాళ్లకి అలా ఎదురు చెప్పడానికి ఆ వయసులో ఎంత ధైర్యం కావాలి! తాళాలు పెట్టినా పెట్టకపోయినా ఫిట్స్ ఆగే టైముకి ఆగుతుంది. అది చూసి తాళాలతోనే తగ్గిందనుకుంటారు. ఉల్లిపాయ వాసన సంగతీ అంతే. నోట్లో స్పూను పెట్టడం వీటన్నిటికంటే ప్రమాదం. నాలుక మింగేయడం అనేది జరగదు. కొరుక్కుంటే ఆ పుండు మానుతుంది, కానీ పన్ను విరిగి ముక్క గొంతులోకి పోతే పెద్ద ముప్పు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా పట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కొట్టుకోవడం ఆగగానే పక్కకు తిప్పింది. దగ్గరి చెయ్యి బయటికి చాపి, అవతలి చెయ్యి చెంప కిందికి తెచ్చి, అవతలి మోకాలు మడిచి, ఆ మోకాలిని మనవైపు లాగితే ఒళ్లంతా దానితోపాటే ఒరుగుతుంది. తనకంటే బరువైనవాణ్ణి ఆ పాప ఒక్కతే తిప్పగలిగింది. నురగ, లాలాజలం బయటికి కారిపోయి ఊపిరి తేలిగ్గా ఆడుతుంది.

ఫిట్స్‌లో ఒక్కోసారి బట్టల్లోనే మూత్రం పోతుంది. లంచ్ బ్యాగులోని టవలు తీసి వాడి నడుము మీద కప్పి, ఫోన్లు పట్టుకున్నవాళ్లని పక్కకు జరగమంది. ఇది ఎవరూ నేర్పింది కాదు. అన్నయ్యగారూ, వదినగారూ, మీ బిడ్డను చూసి మీరు ఎంత గర్వపడ్డా తక్కువే. వీడియో డాక్టరుకి పనికొస్తుంది, నిజమే. ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, కళ్లు ఎటు తిరిగాయి అన్నది తెలుస్తుంది. దానికి ఒక్కరు తీస్తే చాలు, అది ఇంటివాళ్లకి మాత్రమే ఇవ్వాలి.

మిగతాదంతా ఆ పాపకి నేర్పింది మావాడే. జూన్‌లో బడి తెరిచిన వారమే క్లాసులో నిలబడి, "నాకు ఫిట్స్ ఉంది, వస్తే ఇలా చేయండి" అని కింద పడుకుని మరీ చూపించాడు. సంబంధాలు చెడతాయని ఈ జబ్బుని దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 1955 హిందూ వివాహ చట్టంలో మూర్ఛ పెళ్లికి అడ్డంకి అన్న మాట ఉండేది, 1999లో తీసేశారు. భయం మాత్రం ఇళ్లల్లో ఉండిపోయింది. సరైన మందులు వాడితే నూటికి డెబ్బైమందికి ఫిట్స్ రాకుండా ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మావాడు దాచుకోనందుకే సాయం సరిగ్గా అందింది. వాణ్ణి చూస్తే మాకెంత గర్వంగా ఉందో!

ఇలాంటి పిల్లలున్నవాళ్లకి రెండు మాటలు. మాత్ర తప్పడం, రాత్రి నిద్ర లేకపోవడం, జ్వరం, ఎక్కువసార్లు వీటితోనే ఫిట్స్ తిరగబెడుతుంది. మాత్రలు ఎప్పుడూ వారానికి సరిపడా ఎక్కువే ఉంచుకోండి. పండగ రోజు షాపు మూసి ఉంటే చిక్కు. ఆగని ఫిట్స్‌ని ఆపడానికి ముక్కులో కొట్టే మిడాజోలం స్ప్రే డాక్టర్ రాసి ఉంటే అది పిల్లాడి బ్యాగులో, ఎన్నిసార్లు కొట్టాలో రాసిన చీటీతో సహా ఉండాలి. స్కూటరు డిక్కీలో వదలొద్దు, గుంటూరు ఎండకి మందు చెడిపోతుంది.

తల్లీ, నీ చున్నీ ఉతికి ఇస్త్రీ చేసి పెట్టాం. ఆదివారం పొద్దున్న మావాడే తెచ్చి ఇస్తానంటున్నాడు.